ఆదివారం ఆగని బండి

నర్సుల క్వార్టర్స్, మేడమీది గది
జూన్ 3

తమ్ముడికి,

నేను బాగానే ఉన్నాను, నువ్వూ బాగానే ఉండి ఉంటావు. బాగాలేనిది నువ్విచ్చిన బండి.

ఉత్తరమేమిటి, ఫోను లేదా అనుకోకు. పోయిన వారం ఫోన్లో చెప్తుంటే నువ్వు ఓ చేత్తో పానా తిప్పుతూ ఊ, ఊ అన్నావు. బండి ఆగిపోతోందిరా అంటే పెట్రోలు పోయించుకో అని పెట్టేశావు. ఉత్తరం రాస్తే భోంచేస్తూ చదువుతారు వదినా అని మరదలు చెప్పింది. అందుకని రాస్తున్నాను, ముద్ద మింగి చదువు.

సంగతేమిటంటే, బండి నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది. దగ్గదు, తుమ్మదు, ముందుగా చెప్పదు. ఎవరో లైటు ఆర్పేసినట్టు ఆగుతుంది. రెండు నిమిషాలు నిలబెట్టి, నిన్నూ దాన్నీ కలిపి తిట్టి, కిక్కు కొడితే ఏమీ ఎరగనట్టు బయల్దేరుతుంది. మా వీధి చివరి మెకానిక్ దగ్గరికి మూడుసార్లు తీసుకెళ్ళాను. ఏ జబ్బుకైనా ముందు సుత్తి తీస్తాడని మేమంతా ఆయన్ని సుత్తాయన అంటాం. ఆయన ఎక్కి ఊరంతా తిరిగొచ్చి, "బండి బంగారం అమ్మా, మీకే అనుమానం" అంటాడు. నేను తీసుకుని గుట్ట మలుపు దాకా వెళ్ళేసరికి ఆ బంగారం ఆగిపోతుంది. నా తల ప్రాణం తోకకొస్తోంది.

ఇది నవ్వులాట కాదు. నా పని నీకు తెలుసు కదా, మంచం దిగలేనివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి సూదులివ్వడం, కట్లు మార్చడం. గుట్ట మీది ఇళ్ళన్నీ ఆరేళ్ళనుంచీ నావే. పొద్దున టిఫిన్‌కి ముందు పడాల్సిన సూది కోసం వాళ్ళు ఆకలితో గుమ్మం వైపు చూస్తూ పడుకుంటారు. ఇప్పటికి రెండుసార్లు నా పేరు పక్కన 'ఆలస్యం' అని రాశారు. మూడోది పడితే గుట్ట ఇంకొకరికిచ్చి నన్ను స్టోర్లో కూర్చోబెట్టి దూది చుట్టలు సర్దిస్తామన్నారు మా పెద్దనర్సమ్మ గారు. ఆ ఇళ్ళు పోతే నాకిక్కడ ఉండాలనే అనిపించదు. ఇంతకంటే సూటిగా ఎలా చెప్పాలో తెలీదు.

ఇంకొకటి. రెండో తాళంచెవి కూడా లేని బండి ఇచ్చావు. కిందటేడు ఓ ఆదివారం ఉన్న ఒక్కటీ కాలవలో పడితే రెండు గంటలు మురుగులో చెయ్యిపెట్టి దేవాను. ఇచ్చినవాడివి ఆ మాత్రం చూసుకోవద్దా.

అక్క


షెడ్డు
జూన్ 9

అక్కా,

ముద్ద మింగే చదివాను. చదివాక రెండో ముద్ద దిగలేదు.

నా బండికి ఏ రోగమూ లేదు. పాత సామాన్ల కొట్టులో తుప్పు పట్టి పడున్నదాన్ని రెండేళ్ళు ఒక్కో బోల్టూ వెతికి తెచ్చి నిలబెట్టాను. దాని ఒంట్లో ప్రతి వైరూ నాకు తెలుసు. అలాంటిదాన్ని ఓ సుత్తి పట్టుకున్నవాడి చేతికి మూడుసార్లు ఇచ్చావు.

'ఆగిపోతోంది' అని రాస్తే నాకేం తెలుస్తుంది? నీ దగ్గరికెవరైనా వచ్చి ఒంట్లో బాలేదు అని ఒక్కముక్క చెప్పి కూర్చుంటే సూది పొడిచేస్తావా? ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, తిన్నాకా తినకముందా అని వంద అడగవూ?

ఈసారి ఆగిన వెంటనే తిట్టడం మొదలుపెట్టకుండా ముందు హారన్ నొక్కు. మోగిందంటే బ్యాటరీ కరెంటు వస్తోంది, తప్పు ప్లగ్గు వైపో కాయిలు వైపో. మోగకపోతే అసలు కరెంటే రావడం లేదు, బ్యాటరీకీ తాళం స్విచ్చికీ మధ్య ఎక్కడో తెగి మళ్ళీ అంటుకుంటోంది. ఇలా వచ్చిపోయే తప్పు కళ్ళకి కనబడదు, దాన్ని రాసి పట్టుకోవాలి. ఓ పుస్తకం పెట్టు. ఏ రోజు, ఎక్కడ, ఎంత వేగం, వానా ఎండా, ఎటు తిప్పుతుంటే ఆగింది, హారన్ మోగిందా లేదా. అన్నీ రాసి పంపు.

రెండో తాళంచెవి మొదటినుంచీ లేదు. ఎన్నిసార్లు చెప్పాలి.

తమ్ముడు


నర్సుల క్వార్టర్స్, మేడమీది గది
జూన్ 21

తమ్ముడికి,

రోగి: బండి. వయసు: నువ్వే చెప్పాలి. ఫిర్యాదు: ఉన్నట్టుండి స్పృహ తప్పుట. జ్వరం లేదు, చమురు కారడం లేదు.

సోమవారం, ఆరూ నలభై, గుట్ట మొదటి మలుపు, గతుకులు, ఎండ. హారన్ మోగలేదు. మంగళవారం ఆగలేదు, ఆ రోజు మున్సిపాలిటీ వాళ్ళు కొత్తగా తారు వేసిన దారిలో వెళ్ళాను. బుధవారం రెండుసార్లు, ఒకటి నీళ్ళ ట్యాంకు దగ్గర, ఒకటి టైపు మాస్టారి ఇంటి కింది ఎత్తులో. రెండుసార్లూ హారన్ మోగలేదు, ఇండికేటరూ వెలగలేదు. గురువారం ఆగి, నేను దిగకముందే దానంతటదే పెద్ద కుదుపుతో అందుకుంది, నేను పడబోయాను. శుక్రవారం ఒకసారి. శనివారం సుత్తాయనకిచ్చాను, ఆయన గుట్ట పైదాకా వెళ్ళొచ్చాడు, ఒక్కసారి కూడా ఆగలేదు. ప్లగ్గూ కాయిలూ మార్చేశాడు, నువ్వు రాసింది చదివి వినిపించాలనుకునేలోపే. ఆదివారం కూరగాయలకి వెళ్ళాను, అదే గతుకుల దారి, ఆగలేదు. పోయిన ఆదివారం కూడా ఆగలేదు. బండికి కూడా ఆదివారం సెలవేమో కనుక్కో.

టైపు మాస్టారు ఎవరో నీకు చెప్పాను కదా, ఒకప్పుడు ఊళ్ళో సగంమందికి టైపు నేర్పినాయన. పక్షవాతం వచ్చి ఆరేళ్ళయింది, నా గుట్ట మీద నేను మొదట తలుపు తీసిన ఇల్లు ఆయనదే. మొన్న నేను రొప్పుకుంటూ వెళ్తే, "మీ తమ్ముడిచ్చింది బండా, మొండి గుర్రమా" అన్నారు.

అక్క


షెడ్డు
జూన్ 27

అక్కా,

ఇదీ రాయడమంటే. మాస్టారికి చెప్పు, గుర్రం మంచిదే, గడ్డి వేసేవాళ్ళు సరిగ్గా లేరని.

హారన్ మోగలేదు కాబట్టి ప్లగ్గూ కాయిలూ మార్చడం దండగ. తప్పు వాటికంటే ముందే, బ్యాటరీ వైపు ఉంది. గతుకుల్లో మాత్రమే ఆగుతోంది కాబట్టి ఏదో వదులుగా కదులుతోంది. బండిని స్టాండు వేసి ఇంజను ఆన్‌లో ఉంచు. హ్యాండిలు ఈ చివర్నుంచి ఆ చివరికి తిప్పు, మెడ దగ్గర వైరు లోపల తెగి ఉంటే అప్పుడు ఆగుతుంది. ఆగకపోతే బ్యాటరీ మీది వైరు బిగింపులు కదుపు. తర్వాత ఫ్యూజు పట్టిన చోటు. తర్వాత ట్యాంకు కింద వైర్ల కట్టని ఒక్కోచోటా పట్టుకుని వంచి చూడు. ఒక్కసారి ఒక్కచోటే. అన్నీ కలిపి కుదిపేస్తే ఏది పట్టుకున్నావో తెలీదు.

ఆదివారం సంగతి వదిలెయ్. బండికి వారాలు తెలీవు. సుత్తాయన దగ్గర ఆగలేదంటావా, ఆయన గుట్ట దాకా వెళ్ళి ఉండడు, మలుపులో టీ తాగి వచ్చుంటాడు.

తమ్ముడు


నర్సుల క్వార్టర్స్, మేడమీది గది
జూలై 10

తమ్ముడికి,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. హ్యాండిలు తిప్పాను, బిగింపులు కదిపాను, వైర్లని పసిపిల్లల వేళ్ళలా ఒక్కొక్కటే వంచి చూశాను. ఇంజను హాయిగా తిరుగుతూనే ఉంది. కింది వాటాలో ఉండే కాంపౌండరు గారు గంటసేపు వరండాలోంచి చూసి, "అమ్మాయ్, ఆపడానికి ఇంత కష్టపడాలా, తాళం తీసెయ్" అన్నారు.

ఆ మాట చెప్తే సుత్తాయనకి బుర్ర వెలిగింది. తాళం స్విచ్చి మార్చేద్దామన్నాడు. మార్చాడు. కొత్త స్విచ్చితోపాటు కొత్త తాళంచెవి వచ్చింది. ఈ రోజుకి ఆరు రోజులు, ఒక్కసారి కూడా ఆగలేదు. పాత స్విచ్చి దూదిలో చుట్టి వేరే పెట్టెలో పంపుతున్నాను, చూసి తృప్తిపడు. సుత్తాయనకి నువ్వో క్షమాపణ బాకీ.

అక్క


షెడ్డు
జూలై 16

అక్కా,

స్విచ్చి చేరింది. తప్పు బ్యాటరీకీ స్విచ్చికీ మధ్య ఉందని జూన్ తొమ్మిదినే రాశాను, ఉత్తరం తీసి చూసుకో. క్షమాపణ ఎవరు ఎవరికి చెప్పాలో తర్వాత తేల్చుకుందాం.

దానికి ఒక బల్బు తగిలించి, తాళంచెవి పెట్టి తిప్పాను. వెలిగింది. తాళంచెవి కాస్త కిందికి లాగితే ఆరిపోయింది, వదిలితే మళ్ళీ వెలిగింది. విప్పి చూస్తే లోపలి ఇత్తడి రేకు ఒకవైపే అరిగి ఉంది, కింది వైపు. ఆరేళ్ళూ ఎవరో పట్టుకుని కిందికి గుంజినట్టుంది. ఇలాంటి అరుగుడు నేనెప్పుడూ చూడలేదు. గతుకుల వల్లేనేమో. పోనీలే, వదిలింది కదా.

నీ మరదలు నవ్వుతోంది, నెలన్నరలో మీ అక్కాతమ్ముళ్ళు ఇన్ని మాటలు ఎప్పుడైనా మాట్లాడుకున్నారా అని.

తమ్ముడు


నర్సుల క్వార్టర్స్, మేడమీది గది
జూలై 24

తమ్ముడికి,

వదల్లేదు.

పదకొండు రోజులు బాగా నడిచింది. పన్నెండో రోజు నీళ్ళ ట్యాంకు దగ్గర ఆగింది. మొన్న టైపు మాస్టారి ఇంటి కింద ఆగి, మళ్ళీ అందుకోలేదు. కిక్కు కొట్టి కొట్టి కాలు వాచింది. చివరికి సంచీ భుజాన వేసుకుని ఎత్తంతా నడిచాను. వెళ్ళేసరికి యాభై నిమిషాలు ఆలస్యం. నేను వస్తున్నానో లేదో చూద్దామని మాస్టారు ఒంటిచేత్తో మంచం అంచు పట్టుకుని లేవబోయి కిందపడ్డారు. బాగున్న చేతి మణికట్టు విరిగింది. నేల మీద పడుకునే, "మొండి గుర్రం మళ్ళీ మొరాయించిందా" అని అడిగారు. నాకు ఏడుపు ఆగలేదు. రోగి ముందు ఏడవడం ఇన్నేళ్ళలో అదే మొదలు.

పెద్దనర్సమ్మ గారు మూడో ఆలస్యం రాశారు. ఆవిడ చెడ్డావిడ కాదు, ఒక నెల గడువిచ్చారు. "ఈ నెలలో ఇంకొక్కసారి ఆగిందంటే, ఆ తాళాల గుత్తి తెచ్చి నా బల్ల మీద పెట్టు. ఎవరికివ్వాలో నేను చూసుకుంటాను" అన్నారు.

నీ బండి, నీ వైర్లు, నీ ఇత్తడి రేకులు. నాకు వెటకారాలు వద్దురా. దీన్ని బాగుచెయ్యి, చేతకాకపోతే చేతకాదని రాయి.

అక్క


షెడ్డు
ఆగస్టు 1

అక్కా,

ఏ తాళాల గుత్తి?

ఉత్తరం రెండుసార్లు చదివాను. మాస్టారి సంగతి చదివి మొదటిసారి ఆ మాట చూడలేదు. రెండోసారి చూసి అన్నం వదిలేసి లేచాను. నువ్వు రెండు నెలలుగా హారన్ గురించి రాశావు, ఎండ గురించి రాశావు, కాంపౌండరు గారి గురించి కూడా రాశావు. తాళాల గుత్తి గురించి ఒక్క ముక్క లేదు.

అది ఎక్కడ వేలాడుతుంది? బండి తాళంచెవి దానికే ఉందా? సుత్తాయనకి బండి ఇచ్చేటప్పుడు గుత్తి మొత్తం ఇస్తావా, ఊడదీసి ఒక్క బండి తాళంచెవే ఇస్తావా? ఆదివారం గుత్తి ఎక్కడుంటుంది? మీ దగ్గర పసిపిల్లల్ని తూచే కాటా ఉంటుంది కదా, దాన్ని అందులో పెట్టి బరువెంతో రాయి. దాచకుండా రాయి.

ఆదివారం ఆగదని నువ్వు జూన్‌లోనే రాశావు. బండికి వారాలు తెలీవని వెక్కిరించింది నేను. ఆ రోజే ఆలోచించి ఉంటే మాస్టారు పడేవారు కాదు. అది నా తప్పే, ఒప్పుకుంటున్నాను.

తమ్ముడు


నర్సుల క్వార్టర్స్, మేడమీది గది
ఆగస్టు 9

తమ్ముడికి,

ఆరువందల నలభై గ్రాములు.

నా రోగులు లేచి తలుపు తియ్యలేరు. అందుకని ఒక్కో తాళంచెవి నాకిస్తారు. బండి తాళంచెవి కూడా ఆ గుత్తికే ఉంటుంది, ఒక్కచోట ఉంటే పోదని. అది బండికి వేలాడుతూ ఉంటుంది. రోగుల తాళంచెవులు వేరేవాళ్ళ చేతికి ఇవ్వకూడదు, అది మా రూలు. కాబట్టి సుత్తాయనకిచ్చేముందు బండిది ఊడదీసి ఇస్తాను. ఆదివారం గుత్తి నా పెట్టెలో ఉంటుంది, బండిది ఒక్కటే పట్టుకెళ్తాను. ఇప్పుడు నువ్వు తల కొట్టుకుంటున్నావని తెలుసు. నేనూ కొట్టుకున్నాను.

నీకెందుకు చెప్పలేదంటే, చిన్నప్పుడు ఇంటి తాళంచెవి నాకిస్తే పోగొట్టేదాన్నని నువ్వు ఇప్పటికీ ఎదురొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్తావు. అలాంటిదాన్ని పద్దెనిమిది ఇళ్ళవాళ్ళు నమ్మారంటే నువ్వు నవ్వుతావనుకున్నాను.

దాచొద్దన్నావు కాబట్టి మిగతాది కూడా రాస్తున్నాను. పద్దెనిమిదిలో పదకొండే ఉన్నవాళ్ళవి. ఏడుగురు పోయారు. పోయినప్పుడు వారంలోగా ఇంటివాళ్ళకి తిరిగిచ్చి పుస్తకంలో సంతకం తీసుకోవాలి. మొదట పోయింది ఒక దర్జీ. జేబులో తాళంచెవి పెట్టుకునే వెళ్ళాను. ఇంటినిండా జనం, అందరూ ఏడుస్తున్నారు, ఆ మధ్యలో తాళంచెవి తీసి సంతకం పెట్టండి అనడానికి నోరు రాలేదు. వచ్చేవారం ఇద్దాంలే అనుకున్నాను. తర్వాత వెళ్తే, ఇన్నాళ్ళు ఎందుకుంచుకున్నావంటారని భయం వేసింది. తర్వాతివాళ్ళకి అదే అలవాటైపోయింది. పొద్దున గుత్తి చేతిలోకి తీసుకుంటే ఏ తాళంచెవి ఎవరిదో చూడకుండా చెప్పగలను, పోయినవాళ్ళవి కూడా. కొన్ని పాతకాలపు ఇత్తడివి, వేలంత పొడుగు. అవే ఎక్కువ బరువు.

పెద్దనర్సమ్మ గారికి ఇది తెలిస్తే గుట్ట సంగతి అటుంచి ఉద్యోగమే ఉండదు. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

అక్క


షెడ్డు
ఆగస్టు 14

అక్కా,

తల కొట్టుకున్నాను. నీ మరదలు కూడా కొట్టుకుంది. ఇద్దరం అయ్యాక కూర్చుని రాస్తున్నాను.

కొత్త స్విచ్చి సంగతి ముందు. అది పల్చటి రేకు, ఆరువందల నలభై గ్రాములు గతుకుల్లో ఊగితే పదకొండు రోజులు ఓర్చుకోవడమే గొప్ప. మంచిది ఒకటి ఇక్కడ నుంచి పంపుతున్నాను, సుత్తాయన చేత బిగించుకో. సుత్తి లేకుండా. బండి తాళంచెవి ఇకమీదట ఒంటరిగా ఉండాలి. దానికి దారప్పోగు కూడా కట్టొద్దు. ఉన్నవాళ్ళ పదకొండూ సంచీలో అడుగున పెట్టుకో.

మిగతా ఏడూ తిరిగిచ్చెయ్. అన్నీ ఒకేరోజు పెట్టుకోకు, ఒక్కసారికి ఒక్కటి. తిట్టేవాళ్ళు తిడతారు, పడు. అది బండికే కాదు, నీకూ బరువే. అవసరం తీరిన తాళంచెవి గుత్తిలో ఉంచుకుంటే ఎవరికి లాభం, ఆలోచించు.

నవ్వలేదు. పద్దెనిమిదిమందీ నిన్ను నమ్మడంలో నవ్వడానికేముంది.

తమ్ముడు


నర్సుల క్వార్టర్స్, మేడమీది గది
సెప్టెంబరు 20

తమ్ముడికి,

నీ స్విచ్చి వచ్చేదాకా గంట ముందే లేచి నడిచాను. బిగించాక ముప్పైమూడు రోజులు. ఒక్కసారి కూడా ఆగలేదు. గడువు ఆఖరి రోజున పెద్దనర్సమ్మ గారు తనే వచ్చి వెనక ఎక్కారు. గుట్ట పైదాకా, ఆ గతుకులన్నీ. బండి కిక్కురుమనలేదు. దిగి నడుం పట్టుకుని, "బండి బాగానే ఉంది, సీటే మార్పించు" అన్నారు. గుట్ట నాదే. మాస్టారి కట్టు విప్పాం, వేళ్ళు కదుపుతున్నారు. గుర్రాన్ని అడిగానని చెప్పమన్నారు.

ఏడూ ఇచ్చేశాను. దర్జీ గారి కోడలు, ఆ తాళం మార్చి నాలుగేళ్ళయిందమ్మా అని నవ్వేసింది. నాలుగేళ్ళు నేను మోసింది ఏ తలుపుదీ కాదన్నమాట. ఒక ఇల్లు ఇల్లే లేదు, పునాది తవ్వుతున్నారు, మేస్త్రీ చేతిలో పెట్టలేక కాసేపు నిలబడి, పక్కింట్లో ఉన్న వాళ్ళ చెల్లెలికిచ్చాను. ఒకాయన చెడామడా తిట్టాడు, ఆ తాళంచెవి దొరక్క పెరటి తలుపు పగలగొట్టించాడట. పడ్డాను. ఇద్దరు గుమ్మంలోనే తీసుకుని సంతకం పెట్టారు. ఒకావిడ టీ ఇచ్చింది. ఆఖరుది మంచం మీదే చదరంగం ఆడిన తాతగారిది. వాళ్ళావిడ పుస్తకంలో సంతకం పెట్టి, తాళంచెవి మళ్ళీ నా చేతిలోనే పెట్టింది. "నీ దగ్గరే ఉండనీ. ఇక నువ్వు రావాల్సింది నాకోసమే కదా" అంది. కాబట్టి ఇప్పుడు పన్నెండు. అన్నీ ఉన్నవాళ్ళవే. సంతకాలన్నీ అయ్యాక పుస్తకం పట్టుకెళ్ళి పెద్దనర్సమ్మ గారికి నేనే చూపించాను. చాలాసేపు చూసి, మూసి, సీటు మార్పించావా అని అడిగారు.

ఇంతకీ, నిన్న నా పెట్టె సర్దుతుంటే బండి పాత తాళంచెవి దొరికింది. స్విచ్చి నీకు పంపిన రోజు అది నా గుత్తికే ఉంది, నీకు పంపిన పెట్టెలో వెయ్యలేదు. మరి జూలై పదహారున 'తాళంచెవి పెట్టి తిప్పాను, వెలిగింది' అని రాశావు. ఉత్తరం తీసి చూసుకున్నాను.

ఏ తాళంచెవిరా?

అక్క


షెడ్డు
సెప్టెంబరు 27

అక్కా,

రెండు రోజులనుంచీ ఏం రాయాలో తెలీక తిరుగుతున్నాను. నీ మరదలు ఉత్తరం చదివి, "దొరికారు" అని లోపలికెళ్ళిపోయింది.

రెండో తాళంచెవి ఉంది. మొదటినుంచీ ఉంది. నా షెడ్డు గుత్తిలోనే ఉంది.

నీకు ఆ ఉద్యోగం వచ్చిన రోజు, బండి తీసుకుపో అక్కా అని ఒక్కమాటలో ఇచ్చేశాను, గుర్తుందా. ఆలోచించి ఇవ్వలేదు. నువ్వు దానిమీద వీధి మలుపు తిరిగాక జేబులో చెయ్యిపెడితే రెండో తాళంచెవి తగిలింది. పరిగెత్తి ఇచ్చి ఉండొచ్చు. ఇవ్వలేదు. నా చేత్తో నిలబెట్టిన మొదటి బండి అది. తర్వాత నువ్వు అడిగావు, లేదన్నాను. ఒకసారి లేదన్నాక ఉందని ఎలా చెప్పను? వచ్చేసారి, వచ్చేసారి అనుకుంటూ ఆరేళ్ళయింది. నువ్వు దర్జీ గారి సంగతి రాస్తే చదివి, పెద్ద తెలిసినవాడిలా నీకు బుద్ధులు చెప్పాను. రాస్తున్నప్పుడు గుత్తి నా నడుముకే ఉంది. సిగ్గుగా ఉంది.

కాలవలో రెండు గంటలు దేవావని చదివి అన్నం దిగలేదని రాశాను కదా. ఎందుకు దిగలేదో ఇప్పుడు తెలిసింది కదా. నన్నెంత తిట్టినా పడతాను.

ఏడూ తిరిగిచ్చినదానివి, నా ఒక్కటీ అడిగే హక్కు నీకుంది. కానీ అడక్కు అక్కా. పాత స్విచ్చి పారెయ్యలేదు. ఆ రేకు సరిచేసి, షెడ్డు గోడకి బిగించి, లోపలి లైటు దానికి కలిపాను. పొద్దున రాగానే ఆ తాళంచెవి పెట్టి తిప్పుతాను, లైటు వెలుగుతుంది. గుత్తిలోంచి ఊడదీసి, ఒక్కదాన్నే పెడతాను.

తమ్ముడు